వర్జ్యం వెళ్లాక రండి: ప్రభుత్వ కౌంటర్‌కి మతం ఉండాలా?

బెంజిసర్కిల్ గుమాస్తా (చర్చ మొదలుపెట్టినవారు)

నేను నాస్తికుణ్ని. ఇరవై రెండేళ్లుగా విజయవాడలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నాను. ఏ ఆఫీసో చెప్పను, సర్టిఫికెట్ల పని అనుకోండి. ఈ ఏడు దసరా దగ్గరికొస్తోంది కాబట్టి పోయిన దసరాకి జరిగింది రాస్తున్నాను.

సెలవులకి ముందు రోజు మా ఆఫీసులో ఆయుధ పూజ చేస్తారు. మనిషికి మూడొందలు చందా. బలవంతం ఏమీ లేదంటారు గానీ, సీనియర్ ఒకాయన లిస్టు పట్టుకుని సీటు సీటుకీ వచ్చి నిలబడతాడు. ఆ పొద్దున ప్రింటర్లకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. స్కానర్ మీద చేమంతులు, యూపీఎస్ ముందు కొబ్బరికాయలు. పూజయ్యేదాకా సిస్టమ్స్ ఆన్ చేయకూడదన్నారు. పంతులు గారు రావడం ఆలస్యమైంది, ఈలోపు వర్జ్యం వచ్చింది.

పదిన్నరకే ఒకావిడ వచ్చింది. సింగ్‌నగర్ నుంచి ఆటోలో. మూడిళ్లలో పని చేసుకునే మనిషి, ఆ పూట సెలవు చెప్పి వచ్చింది. కూతురి కాలేజీ ఫీజు కోసం ఆదాయ ధ్రువీకరణ పత్రం కావాలి. మా వాళ్లు "వర్జ్యం వెళ్లాక రామ్మా" అన్నారు. ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు, మెట్ల మీదే కూర్చుంది. జల్లు పడుతుంటే కాగితాలున్న ప్లాస్టిక్ కవర్‌ని కొంగుతో తుడుస్తూనే ఉంది. పూజ ఒంటిగంటన్నరకి అయింది. తర్వాత పులిహోర, తర్వాత భోజనం. మూడింటికి సిస్టమ్ పెడితే సర్వర్ రాలేదు. సెలవులయ్యాక రమ్మన్నాం. "రమ్మన్నాం" అనే రాస్తున్నాను, ఆ రోజు నేనూ నోరు విప్పలేదు.

ఇంకొకటి కూడా చూశాను. మా అటెండర్ ముస్లిం. బల్లలు జరపడం, మామిడాకులు కట్టడం, కొబ్బరికాయలకి పీచు తీయడం అన్నీ ఆయనే చేశాడు. హారతి పళ్లెం వరుసగా వస్తూ ఆయన దగ్గర ఆగింది. అందరూ చూస్తున్నారు. ఆయన మంట మీదుగా చేతులు చాపాడు. కళ్లకద్దుకోలేదు, అలాగే మెల్లగా కిందికి దించేశాడు.

దేవుడు లేడని ఆవిడకి గానీ ఆయనకి గానీ చెప్పడం నా పని కాదు. వాళ్లింట్లో వాళ్లిష్టం. కానీ ఆ కౌంటర్ ఆవిడది, ఆ జీతం అందరి పన్నుల్లోంచి వచ్చేది. అక్కడ ఏ మతమూ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. ఇది హిందువుల మీద ఫిర్యాదు కాదు. ప్రభుత్వం పేరుతో జరిగే ఇఫ్తార్‌కీ, క్రిస్మస్ తేనీటి విందుకీ, మూలా నక్షత్రం నాడు ప్రభుత్వం తరఫున దుర్గమ్మ కొండ మీదికి వెళ్లే పట్టువస్త్రాలకీ ఇదే మాట చెబుతాను.

మీరేమంటారు?

---

దుర్గాపురం వాణి

గుమాస్తా గారూ, ఆవిణ్ని మెట్ల మీద కూర్చోబెట్టడం తప్పే. దానికి అమ్మవారు కారణం కాదండీ, మీ ఆఫీసు బద్ధకం కారణం. పూజ లేని రోజుల్లో మీ సర్వర్ చక్కగా పనిచేస్తోందా?

నేను బ్యాంకులో చేస్తాను. ప్రతి శుక్రవారం ఇంద్రకీలాద్రి ఎక్కందే నాకు వారం గడవదు. ఆయుధ పూజ అంటే పనిముట్టుకి దండం పెట్టుకోవడం. రైతు నాగలికి పెడతాడు, డ్రైవర్ లారీకి పెడతాడు. దీన్ని మతం అని పక్కకి తోసేస్తే మనకంటూ ఏం మిగులుతుంది?

ఇంకో మాట. మతాన్ని ప్రభుత్వం నుంచి వేరు చేయాలంటున్నారు కదా, ముందు గుళ్లని దేవాదాయ శాఖ నుంచి వేరు చేయమనండి. హుండీ లెక్క ప్రభుత్వానిది, ఈవో ప్రభుత్వ ఉద్యోగి, పాలకమండలిని వేసేది ప్రభుత్వం. చర్చికీ మసీదుకీ ఇలాంటి శాఖ ఉందా? ఈ బాధ మాకు లోపల రగులుతూ ఉంటుంది. నాస్తికులు దీని గురించి ఎప్పుడూ మాట్లాడరు.

---

పెనమలూరు బీటెక్

వాణి గారూ, లారీ డ్రైవర్ది సొంత లారీ. ఈ ప్రింటర్ గవర్నమెంట్‌ది.

---

గుంటూరు లా

గుంటూరు కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. చట్టం ఎంతవరకు చెబుతుందో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి చర్చల్లో రాజ్యాంగం పేరు ఎక్కువగా, అందులో ఉన్న మాటలు తక్కువగా వినిపిస్తాయి.

25వ అధికరణ మత స్వేచ్ఛ ఇస్తుంది. అయితే శాంతిభద్రతలకీ, నైతికతకీ, ఆరోగ్యానికీ, ఇతర ప్రాథమిక హక్కులకీ లోబడి. 27వది ఒక మతాన్ని పెంచడానికి అయ్యే ఖర్చు కోసం ఎవరి దగ్గరా పన్ను వసూలు చేయకూడదంటుంది. 28వది పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూల్లో మతబోధ ఉండకూడదంటుంది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న స్కూల్లో అయినా ప్రార్థనకి రమ్మని పిల్లల్ని బలవంతం చేయకూడదు. మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం లౌకికతత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని చెప్పింది.

"సెక్యులర్ అనే మాట 1976లో 42వ సవరణతోనే కదా వచ్చింది" అని ఎవరో ఒకరు అంటారు. మాట అప్పుడే వచ్చింది, నిజమే. కానీ 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో ఏం జరిగిందో చూడండి. పీఠికని "దేవుని పేరిట" అని మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. ఓటింగ్ పెట్టారు. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68. ఆ 68 మందిలో దైవభక్తులు లేరా? ఉన్నారు. తమ భక్తిని దేశం మొత్తం నోట పలికించకూడదనుకున్నారు, అంతే. నాకు ఆ అంకె గుర్తొచ్చినప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

ఇక వాస్తవం. మన దేశంలో అమలైంది గోడ కట్టడం కాదు, అన్ని మతాలకీ సమానంగా చేయి అందించడం. హజ్ సబ్సిడీ 27వ అధికరణకి విరుద్ధమని వేసిన కేసుని 2011లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పన్నులో పెద్ద భాగం ఒక మతానికి పోతేనే ఉల్లంఘన అంది. మళ్లీ 2012లో ఆ సబ్సిడీని పదేళ్లలో తీసేయమని తనే చెప్పింది, 2018లో అది ఆగిపోయింది. కాబట్టి గుమాస్తా గారూ, మీ ఆఫీసు పూజ మీద కోర్టుకి వెళితే గెలుస్తారని నేను భరోసా ఇవ్వలేను. చందా లిస్టు మీద, ఆపేసిన కౌంటర్ మీద మాత్రం పై అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

---

వించిపేట టైలర్

ఆ అటెండర్ గురించి చదివి కాసేపు మిషన్ ఆపేశాను. మా నాన్న మిల్లులో పనిచేసేటప్పుడు ఇదే. చేతులు చాపకపోతే ఏమనుకుంటారో, చాపితే పైవాడు ఏమనుకుంటాడో. రెండు భయాల మధ్య నలిగేవాడు.

కానీ అన్నా, ఒకటి అడగాలి. పబ్లిక్‌లో మతం వద్దంటే రేపు నా టోపీ తీయమంటారా? మా అమ్మాయి తల మీద గుడ్డ తీయమంటారా? నేను శుక్రవారం ఒంటిగంటకి షాపుకి తాళం వేసి నమాజుకి పోతాను. నీ లెక్కలో అది తప్పా? నాస్తికులు అధికారంలోకి వచ్చినచోట్ల మసీదులు మూయించిన సంగతి కూడా నేను విన్నాను.

---

బెంజిసర్కిల్ గుమాస్తా

టైలర్ భాయ్, మంచి ప్రశ్న. దీన్ని దాటేయను.

మీరు విన్నది నిజమే. అల్బేనియాలో 1967లో మసీదులూ చర్చిలూ అన్నీ మూయించారు, 1976లో రాజ్యాంగంలో కూడా ఆ నిషేధం రాసుకున్నారు. అది నేను అడుగుతున్నదానికి పూర్తి వ్యతిరేకం. ప్రభుత్వం "దేవుడున్నాడు" అనకూడదు, "లేడు" అని కూడా అనకూడదు. నా నాస్తికత్వాన్ని ఆఫీసు గోడ మీద రాస్తానంటే మీరే నన్ను అడ్డుకోవాలి.

మీ టోపీ మీ తల మీద ఉంది, ప్రభుత్వం తల మీద లేదు. సీట్లో కూర్చున్న ఉద్యోగి నుదుటి మీద బొట్టున్నా, మెడలో శిలువ ఉన్నా నాకు అభ్యంతరం లేదు. 1986లో కేరళ పిల్లల కేసు ఉంది కదా, తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడకుండా మర్యాదగా నిలబడిన పిల్లల్ని స్కూలు నుంచి పంపేస్తే, సుప్రీంకోర్టు వెనక్కి తీసుకోమంది. ఆ తీర్పు నాస్తికుడిగా నాకూ రక్ష. ఈ రోజు వాళ్లని నోరు విప్పమని బలవంతం చేయగలిగితే, రేపు నన్ను చేతులు జోడించమని బలవంతం చేస్తారు.

వాణి గారూ, దేవాదాయ శాఖ విషయంలో నేను మీ పక్షమే. గుడిలో ఏ సేవకి ఎంత టికెట్టో ప్రభుత్వం నిర్ణయించడం నాకు వింతగానే ఉంటుంది. గుడి భక్తులు చూసుకోవాలి.

---

తెనాలి పెద్దాయన

చిన్నవాళ్లు ఇద్దరూ ఒక దగ్గర తొందరపడ్డారు. నాకు డెబ్బై ఆరేళ్లు, కొంచెం ఓపిగ్గా వినండి.

గుడి భక్తులకి వదిలేయాలంటున్నారు. ఏ భక్తులకి? మన వైపు పంచముల్ని, అంటే దళితుల్ని, గుడి గడప తొక్కనివ్వని రోజులు మా నాన్న తరం చూసింది. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం తెస్తే తలుపులు తెరుచుకున్నాయి. అదే ఏడు దేవదాసీ సమర్పణని నిషేధించింది కూడా చట్టమే. 1987 చట్టంతో వంశపారంపర్య అర్చకత్వ హక్కు పోయింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఇవన్నీ ప్రభుత్వం గుళ్లోకి అడుగుపెట్టబట్టే జరిగాయి. హుండీ లెక్కలు చూడటం వేరు, మనిషిని మనిషిగా లోపలికి రానివ్వమని చెప్పడం వేరు. మొదటిది వదులుకున్నా రెండోదాన్ని వదలకూడదు. మసీదైనా చర్చైనా ఇదే.

ఇక గోరా గారి సంగతి ఎవరూ ఎత్తలేదు, విజయవాడ వాళ్లు ఇంతమంది ఉండి! గోపరాజు రామచంద్రరావు గారు వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్. దేవుడి మీద నమ్మకం లేదన్నందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో పటమటకి మార్చారు. సరస్వతి గోరా గారు కడుపుతో ఉండి గ్రహణం వేళ కావాలనే బయట తిరిగారు. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు పటమటలో వాళ్లు నిప్పుల మీద నడిచి చూపించారు. మహిమ ఏమీ లేదు, ఎవరైనా నడవొచ్చు అని జనాన్ని పిలిచారు. మా నాన్న నా చేయి పట్టుకుని ముందు వరసలో నిలబెట్టాడు. బొగ్గుల వేడి మొహానికి కొట్టింది. నడిచొచ్చిన ఒకాయన అరికాలు ఎత్తి చూపిస్తే దాని మీద బూడిద తప్ప ఏమీ లేదు. ఆ బూడిద కాలు ఇప్పటికీ కళ్లకు కనిపిస్తుంది.

ఆయన గాంధీ గారితో వాదించారు, కలిసి పనిచేశారు. కూతురిని దళిత యువకుడికిచ్చి పెళ్లి చేయాలనుకుంటే, దేవుడి పేరు బదులు సత్యం పేరుతో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు. పెళ్లినాటికి గాంధీ లేరు. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే అది జరిగింది. భక్తుడూ నాస్తికుడూ ఒక పెళ్లికి కలిసి మాటలు వెతుక్కున్నారు, చూడండి. గుమాస్తా, నువ్వు కూడా వాణి గారితో అలాగే మాట్లాడుతున్నావు, సంతోషం.

---

గుణదల టీచర్

మాది క్రైస్తవ కుటుంబం. ప్రభుత్వ స్కూల్లో పాఠాలు చెబుతాను. అసెంబ్లీలో మా హెడ్‌మాస్టర్ ఒక శ్లోకం చెప్పించేవారు, ఆయన మంచివారు, ఎవరినీ నొప్పించాలని కాదు. నేను కూడా పెదాలు కదిపేదాన్ని. ఒకరోజు ఆరో తరగతి పిల్ల "టీచర్, మీరు పాడకుండా నోరు మాత్రమే ఎందుకు ఆడిస్తున్నారు?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

అలాగని మా వాళ్లని వెనకేసుకు రాను. పాస్టర్లకి ప్రభుత్వం గౌరవ వేతనం ఇస్తానంటే మా సంఘంలో చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. కానుక పెట్టెలోంచి రావాల్సిన డబ్బు ఖజానాలోంచి వస్తే, పాస్టర్ గారు ఎమ్మెల్యే ముందు ఎలా నోరు విప్పుతారు? ఇమాములకైనా అర్చకులకైనా అంతే కదా.

---

సింగ్‌నగర్ లక్ష్మి

మీరందరూ పెద్ద చదువులవాళ్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు మేం మేడ మీద మూడు రోజులున్నాం. గుడి వాళ్లు, చర్చి వాళ్లు, మసీదు వాళ్లు అన్నం పొట్లాలు పంపారు. ఎవరూ మతం అడగలేదు. మతం బయట కనపడొద్దంటే ఈ సాయం కూడా వద్దా?

---

బెంజిసర్కిల్ గుమాస్తా

లక్ష్మి గారూ, ఆ అన్నం పెట్టినవాళ్లకి నేనూ దండం పెడతాను. ఎంతమంది నమ్మకంతోనే ఆ నీళ్లలో దిగారో నాకు తెలుసు. అది ఊరి మంచితనం, దాని జోలికి నేను పోను. నేనడిగేది ప్రభుత్వం పంపిన పడవ గురించి. ఆ పడవ మీద ఏ దేవుడి జెండా ఉన్నా, "ఇది నాకోసం వచ్చిందా" అని ఎవరో ఒకరు ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణం ఉండకూడదు.

---

పెనమలూరు బీటెక్

గుమాస్తా సార్, ఫారాల్లో మతం కాలమ్ ఖాళీగా వదలొచ్చా? మా ఇంట్లో ఈ విషయం మీద రోజూ టెన్షనే.

---

గుంటూరు లా

2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువీకరణ దరఖాస్తులో "మతం లేదు, కులం లేదు" అని రాసుకునే వీలు ఇవ్వమంది. అది పక్క రాష్ట్రం తీర్పు, ఇక్కడ చూపించి అడగొచ్చు. పెళ్లి మాటకొస్తే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ఏ మత తంతూ అక్కర్లేదు. నెల ముందు నోటీసు మాత్రం తప్పదు. కోర్టులో సాక్ష్యానికి కూడా దేవుడి మీద ఒట్టు తప్పనిసరి కాదు, మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తే చాలు.

---

బెంజిసర్కిల్ గుమాస్తా

మతం కాలమ్ అన్నారు కాబట్టి, ఇన్నేళ్లుగా నన్ను లోపల తినేస్తున్న విషయం చెబుతాను. పూజ కన్నా ఇది పెద్దది.

కుల ధ్రువీకరణ పత్రాలు నా బల్ల మీదుగా వెళతాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సి అవుతాడు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో దళితవాడ ఏదైనా చూడండి, చర్చి కనిపిస్తుంది. కాగితాల మీద మాత్రం ఎందరో హిందువులే.

ఓ కుర్రాడొచ్చాడు. ఉద్యోగం వచ్చింది, సర్టిఫికెట్ కావాలి. విచారణలో ఎవరో రాశారు, ఇంట్లో ఏసు బొమ్మ ఉందని. నేనతన్ని అడగాలి: "నువ్వు చర్చికి వెళ్తావా?" ఒక నాస్తికుణ్ని కూర్చోబెట్టి సాటి మనిషి ఆదివారం ఎక్కడుంటాడో విచారించమంది వ్యవస్థ. అతను తలొంచుకుని "మా అమ్మ వెళ్తుంది సార్" అన్నాడు. ఊరికి అవతల ఉన్న వాళ్ల ఇల్లు అమ్మ చర్చికి వెళ్లినందువల్ల ఊరి మధ్యకి జరగలేదు. అంటరానితనం బైబిలు పట్టుకుంటే పోలేదు. పోని బాధకి ఇచ్చే మందుని దేవుణ్ని బట్టి ఎందుకివ్వాలి? వాణి గారూ, మతాన్ని బయట పెట్టమని నేను అంటున్నది ముఖ్యంగా ఇందుకు.

---

దుర్గాపురం వాణి

ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. ఆ హోదా హిందూ సమాజంలో జరిగిన అన్యాయానికి పరిహారం. అందరికీ పంచితే అసలు వాళ్ల వాటా తగ్గుతుందని మా బ్యాంకులో ఎస్సీ ఉద్యోగులే అంటారు. వాళ్ల మాట కూడా వినాలి కదా.

కానీ ఆ అబ్బాయి చేత అబద్ధం చెప్పించడం నాకూ కష్టంగానే ఉంది. దేవుడి పేరు మీద అబద్ధం నా భక్తికీ మంచిది కాదు.

మెట్ల మీద ఆవిడ గురించి మా మేనేజర్‌కి చెప్పాను. మా బ్రాంచిలో ఈసారి పూజ కౌంటర్ తెరవకముందే చేసుకుంటున్నాం, తొమ్మిదికల్లా.

---

వించిపేట టైలర్

ఒక మనవి. మైకుల సంగతి కూడా చూడండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా వద్దని 2000 సంవత్సరం నుంచి రూల్ ఉంది. మా మసీదు వాళ్లకి నేనే చెప్పాను, సౌండ్ తగ్గించారు. పక్క వీధి పందిరి వాళ్లకి ఎవరు చెబుతారు? నేను చెబితే గొడవవుతుంది.

---

తెనాలి పెద్దాయన

పందిరి వాళ్లకి వాణి గారి లాంటివాళ్లు చెప్పాలి నాయనా. నువ్వు మీ వాళ్లకి చెప్పినట్టే.

---

బెంజిసర్కిల్ గుమాస్తా

నిన్న మా ఆఫీసర్ గారిని కలిశాను. రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన చదివి చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం ఐదు తర్వాత పూజ పెడదామంటే ఆడవాళ్లు ఇళ్లకి వెళ్లడానికి ఇబ్బంది అన్నారు. ఆఖరికి పొద్దున తొమ్మిదిన్నరకి, ఇష్టమున్నవాళ్లు వెనక గదిలో చేసుకోవాలని, కౌంటర్ పదిన్నరకి తెరవాల్సిందేనని తేల్చారు. చందా లిస్టు తీసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. పూజ ఆఫీసు ఆవరణలో ఉండటం నాకింకా ఇష్టం లేదు, అది కూడా రాసి ఇచ్చాను.

సీనియర్ నాతో మాట్లాడటం మానేశాడు. మధ్యాహ్నం అటెండర్ టీ తెచ్చి బల్ల మీద పెట్టి, చుట్టూ చూసి అడిగాడు, "సార్, అందులో నా పేరు రాశారా?"

రాయలేదని చెప్పాను. సరేనని ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు.